రెండడుగుల రీఫ్ ట్యాంకులో ఎన్ని చేపలు? లెక్క మే నెల రాత్రికి వేయండి

[దగ్గరి షాట్: జోయా పగడాల మీదుగా క్లౌన్ ఫిష్ జంట తిరుగుతోంది]

అందరికీ నమస్కారం. ఇది కడపలో మా ఇంటి హాలు. మాకు సముద్రం చూడాలంటే నెల్లూరు వైపో, చెన్నై వైపో పోవాలి. అందుకే ఈ రెండడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు, చేపలు కలిపి పెంచే ఉప్పునీటి ట్యాంకు, నాకు ప్రాణం. ఇందులోనే నేను నాలుగు చేపల్ని చేతులారా పోగొట్టుకున్నాను. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ వీడియో.

మొదటి ఏడాది నెలన్నరలో ఆరు చేపలు వేశాను. రెండు క్లౌన్‌లు, మూడు డామ్సెల్‌లు, బొటనవేలంత బ్లూ టాంగ్ ఒకటి. నీళ్ల టెస్ట్ కిట్‌తో చూస్తే చేపలు వదిలే విషం అమ్మోనియా సున్నా, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇంకేం టెన్షన్ లేదనుకున్నాను. మే నెలలో ఒక రాత్రి రెండింటప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైను ఫ్యానుకు, లైటుకు ఇచ్చాం కానీ ట్యాంకుకు ఇవ్వలేదు. తెల్లవారుజామున టార్చ్ వేసి చూస్తే టాంగ్ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మొప్పలు లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటున్నాయి. క్లౌన్‌లు రెండూ నోళ్లు నీటి పైఅంచుకు ఆనించి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. పొద్దెక్కేసరికి టాంగ్, మూడు డామ్సెల్‌లు పోయాయి.

[స్క్రీన్ మీద అక్షరాలు: 60 × 30 × 36 సెంటీమీటర్లు]

ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. ఈ కొలతల ట్యాంకును దుకాణంలో 65 లీటర్లని చెబుతారు. పైన నాలుగైదు సెంటీమీటర్లు వదిలేసి నింపుతాం. లోపల రాళ్లు, అడుగున ఇసుక ఉంటాయి. అవన్నీ పోతే మిగిలే నీళ్లు 50 లీటర్లకు అటూ ఇటూ, అంటే మూడు బకెట్లు. అసలు సముద్రంలో ఒక చేప వెనక ఎన్ని వేల లీటర్లు ఉంటాయో ఆలోచించండి.

పైగా ఉప్పునీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టుకుంటే, సముద్రపు నీళ్లు 7 కూడా పట్టుకోలేవు. నీళ్లు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మా హాల్లో మే నెల రాత్రి ఎంత ఉక్కగా ఉంటుందో కడపవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పగడం మొక్క కాదు, జంతువు. దాని ఒంట్లో ఉండే నాచు లైటు ఉన్నంతసేపే ఆక్సిజన్ ఇస్తుంది. లైటు ఆరితే పగడం, ఆ నాచు, రాళ్లలోని బ్యాక్టీరియా, చేపలు అన్నీ అదే నీటిలోని ఆక్సిజన్ పీల్చుకుంటాయి. నీళ్లను కదిలించే పంపు, వేవ్‌మేకర్, ఆగితే పైనుంచి కొత్త గాలి కలవదు. చేపలు ఎక్కువైనకొద్దీ ఉన్న ఆక్సిజన్ అంత త్వరగా అయిపోతుంది.

నా టెస్ట్ కిట్ చూపించింది తప్పు కాదు. పంపు తిరుగుతున్నప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పింది, అంతే. అందుకే ఎన్ని చేపలు పడతాయనే లెక్కను అన్నీ బాగున్న రోజుకు కాదు, కరెంటు పోయిన మే నెల రాత్రికి వేయాలని నా గట్టి అభిప్రాయం.

"గాలన్‌కు ఒక అంగుళం చేప" అని ఒక లెక్క చెబుతుంటారు (గాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు). దాన్ని నమ్మకండి. రెండంగుళాల చేప నాలుగంగుళాలైతే బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. తిండి, మలం, పీల్చే ఆక్సిజన్ కూడా అదే దారిన పెరుగుతాయి. నేను తెచ్చిన బ్లూ టాంగ్ పెరిగితే అడుగు పొడవు అవుతుంది. నా ట్యాంకు వెడల్పే అడుగు! చేపను కొనేటప్పుడు ఇప్పుడెంతుందని కాదు, పెరిగితే ఎంతవుతుందని అడగండి.

[టెస్ట్ కిట్ గొట్టం దగ్గరి షాట్]

అమ్మోనియా సంగతి. చేప వదిలే అమ్మోనియాను రాళ్లలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఉన్న చేపలకు ఎంత కావాలో అంత బ్యాక్టీరియానే పెరుగుతుంది. ఒకేసారి మూడు చేపలు తెస్తే అది అందుకోలేదు. రీఫ్ నీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, పీహెచ్ 7 ఉన్న మంచినీళ్ల ట్యాంకుతో పోలిస్తే అదే అమ్మోనియాలో విషంగా మారే భాగం పది రెట్లకు మించి ఉంటుంది. అందుకని ఒక చేప వేశాక మూడు నాలుగు వారాలు ఆగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా దగ్గర నిలిస్తేనే రెండోది.

ఇప్పుడు నా ట్యాంకులో ఉన్నవి రెండు క్లౌన్‌లు, ఒక చిన్న గోబీ, కొన్ని నత్తలు. అంతే. డామ్సెల్ చవకగా దొరుకుతుంది కానీ ఇంత చిన్నచోట మిగతావాటిని మూలకు తరిమి కొడుతుంది, వద్దు. పగడాలు కూడా ఇరుక్కుపోకూడదు, పక్కదాన్ని కుట్టేస్తాయి. ఒక జాన ఎడం ఇవ్వండి. నావి మష్రూమ్, జోయా అనే మెత్తటి పగడాలు. గట్టి సున్నపు గూడు కట్టే రాతి పగడాలు మాత్రం ఎవరు అమ్మజూపినా కొనకండి. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

ఎండాకాలంలో నీళ్లు ఆవిరైతే ఉప్పు లోపలే మిగిలిపోతుంది, కాబట్టి తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్‌వో నీళ్లే పోయాలి. బోరు నీళ్లు వద్దు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ట్యాంకు పక్కనే ఉంచండి. కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యేవి ఉన్నాయి. చేప కొనే ముందు అది కొనండి.

ఇప్పటికే ఎక్కువ వేసినవాళ్లు ఈ రోజు నుంచే మేత తగ్గించండి, వారానికోసారి పది లీటర్ల ఉప్పునీళ్లు మార్చండి. ఏ చేప పెద్దదవుతుందో దాన్ని ముందు తీయాలి. రాళ్ల మధ్య వల తిప్పితే దొరకదు, పగడాలు విరుగుతాయి. సగం నీళ్లు శుభ్రమైన బకెట్లలోకి తోడి, రాళ్లు ఒక్కొక్కటిగా వాటిలో పెట్టి, అప్పుడు మెల్లగా పట్టండి. కొన్న దుకాణాన్నే తిరిగి తీసుకుంటారా అని అడగండి. పెద్ద ట్యాంకున్న వాళ్లకు ఊరికే ఇచ్చినా మంచిదే. పెన్నలోనో, చెరువులోనో మాత్రం వదలకండి. ఉప్పునీటి చేప అక్కడ బతకదు.