కేసు కొట్టేశారు కదా, రాయకు అనకండి

అందరికీ నమస్కారం. ఉగాది సభలో మందు గురించి మాట్లాడతానంటే కమిటీవాళ్ళు కాస్త ఇబ్బంది పడ్డారు. అయినా పది నిమిషాలు ఇచ్చారు, సంతోషం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే ఆ పది నిమిషాలూ దానికే సరిపోతాయి, అందుకని నేరుగా విషయానికి వస్తాను.

ఈ ఉత్తర వర్జీనియాలో సిటిజన్‌షిప్ రాగానే మన పిల్లలు చాలామంది ప్రభుత్వ కాంట్రాక్టుల్లోకి వెళ్తున్నారు. అక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడటానికి అనుమతి, అడుగుతారు. దానికి నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో 24వ సెక్షన్ మొత్తం మందు గురించే. గత 7 ఏళ్ళలో తాగుడు వల్ల ఉద్యోగం, కాపురం, డబ్బు దెబ్బతిన్నాయా, పోలీసుల దాకా వెళ్ళిందా అని అడుగుతారు. ఈ ఫారాలు చూసే పనిలోనే నేను రిటైరయ్యాను.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో 13 అంశాలున్నాయి. అందులో 'జి' మద్యం. తాగేవాళ్ళకి క్లియరెన్స్ ఇవ్వరని అందులో ఎక్కడా లేదు. తాగి కారు నడపడం, ఇంట్లో చెయ్యి చేసుకోవడం, తాగి ఆఫీసుకి వెళ్ళడం, వ్యసనమని తేలి డాక్టర్ మానమన్నాక కూడా తాగడం, వీటిని చూస్తారు. వ్యసనమని ఎవరూ తేల్చకపోయినా ఒక్క డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, చాలు, అడగడం మొదలుపెట్టడానికి.

నాకు బాగా తెలిసిన ఒక అబ్బాయి పార్టీ నుంచి వస్తూ రూట్ 28 మీద పట్టుబడ్డాడు. లాయరు ఆ డీయూఐ కేసుని రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే నిర్లక్ష్యంగా నడపడం, కింద తగ్గించాడు. కొన్నేళ్ళకి ఫారం నింపాల్సి వచ్చింది. ఎవరింట్లోనో భోజనాల దగ్గర పెద్దలంతా చుట్టూ చేరి, "డీయూఐ లేకుండా పోయింది కదరా, నువ్వెందుకు రాస్తావ్?" అన్నారు. వాడు 'నో' అని పెట్టాడు. 22వ సెక్షన్ అడిగేది శిక్ష పడిందా అని కాదు. మందుకి సంబంధించిన కేసు మీమీద ఎప్పుడైనా పెట్టారా అని. 7 ఏళ్ళ గడువు కూడా దానికి లేదు. ఇంటర్వ్యూకి వచ్చిన అధికారి అరెస్టు కాగితం బల్లమీద పెట్టి, "ఇది మీదేనా?" అని అడిగాడు. అక్కడితో మందు విషయం వెనక్కి పోయి, అబద్ధం ముందుకొచ్చింది. అది 'ఇ' అంశం, అంటే నడవడిక, నిజాయితీ. తెలిసి అబద్ధం రాస్తే 5 ఏళ్ళ దాకా జైలు పడవచ్చని ఆ ఫారం మీదే ఉంటుంది. వాడికి జైలు తప్పింది, ఉద్యోగం పోయింది.

నిజం రాసుంటే క్లియరెన్స్ దక్కేదని నేను హామీ ఇవ్వలేను. అనుమానం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గాలన్నది నియమం. కానీ వాడి వైపు చెప్పుకోవడానికి ఎంత ఉంది! ఒక్కసారే జరిగింది, ఏళ్ళు గడిచాయి, కోర్టు చెప్పిన క్లాసులు పూర్తిచేశాడు, తర్వాత మందు తగ్గించాడు. నిబంధనల్లో ఇవన్నీ అనుకూలంగా లెక్కేసేవే. ఒక్క 'నో'తో అవన్నీ ఎందుకూ కొరగాకుండా పోయాయి.

వెనక నిలబడ్డ పెద్దలూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఫారం చదవకుండా ఆ సలహా ఎలా ఇచ్చారండీ?

ఇంకో మాట. "అక్కా, ఆయన్ని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తే క్లియరెన్స్ పోతుందా?" అని ఆడవాళ్ళు రాత్రిపూట నాకు ఫోన్ చేస్తారు. ఆ భయంతోనే గరాజ్‌లో సీసాలు దాచి, పిల్లల్ని పైగదిలోకి పంపి నెట్టుకొస్తున్న ఇళ్ళు నాకు తెలుసు. అమ్మా, చికిత్స సంగతి ఫారంలో అడుగుతారు, నిజమే. కానీ సమస్య ఉందని ఒప్పుకుని, చికిత్స తీసుకుని, నిలకడగా ఉన్నవాళ్ళకి అది మేలు చేస్తుంది. చికిత్స మధ్యలో మానేసి మళ్ళీ తాగితేనే కష్టం. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ముందు మనిషి దక్కాలి కదా?

ఈ వారం ఫారం నింపేవాళ్ళు కోర్టు కాగితాలు, క్లాసుల సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. కేసు పడిందా, రాయండి. సందేహముంటే ఈ విషయాలు తెలిసిన లాయరుని అడగండి, పక్కింటాయన్ని కాదు. భోజనాలయ్యాక నేను స్టేజీ ఎడమవైపు కూర్చుంటాను. మగవాళ్ళకి మొహమాటమైతే ఇంట్లోవాళ్ళే రండి, నేను పేర్లు అడగను.