లైకా ఎం3: ప్రాణమంతా ఆ చిన్న కిటికీలోనే

[టేబుల్ మీద కెమెరా. చేత్తో నెమ్మదిగా అన్ని వైపులా తిప్పి చూపాలి.]

ఈ కెమెరాలో బ్యాటరీ ఎక్కడ పెడతారో వెతకండి. దొరకదు. లైకా ఎం3 మొత్తం స్ప్రింగులు, పళ్లచక్రాలు, అద్దాలతోనే పనిచేస్తుంది. జర్మనీలోని వెట్జ్లర్‌లో ఎర్న్‌స్ట్ లైట్జ్ కంపెనీ దీన్ని తయారుచేసి, 1954లో బయటికి తెచ్చింది. చాలామంది దీని బాడీ గురించి, ధర గురించి మాట్లాడతారు. నాకు మాత్రం దీని గొప్పతనమంతా కంటికి ఆనించుకునే కిటికీలోనే కనిపిస్తుంది. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు అక్కడే ఉంటాం.

[ముఖం ముందు బొటనవేలు.]

ముందు ఒక చిన్న పని చేయండి. బొటనవేలు ముఖానికి దగ్గరగా పెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపి చూడండి. గెంతడం తగ్గిపోతుంది. వస్తువు దూరమయ్యేకొద్దీ రెండు కళ్లు చూసే బొమ్మల మధ్య తేడా తగ్గుతుంది. ఎం3లో దూరం కొలిచి ఫోకస్ కుదిర్చే భాగాన్ని రేంజ్‌ఫైండర్ అంటారు. అది దూరాన్ని పట్టుకునేది ఈ తేడాతోనే.

[కెమెరా ముందు భాగం, బాగా దగ్గరగా.]

ఎం3కీ రెండు కళ్లున్నాయి. ఈ పెద్ద కిటికీ వ్యూఫైండర్, అంటే ఫొటోలో ఏం పడుతుందో చూసుకునేది. దానికి దాదాపు 7 సెంటీమీటర్ల దూరంలో ఈ చిన్న కిటికీ. చిన్న కిటికీలోకి వచ్చిన బొమ్మను లోపలి అద్దాలు మోసుకొచ్చి, పెద్ద బొమ్మ నడిమధ్య ఒక చిన్న డబ్బాలో కలుపుతాయి. ఫోకస్ కుదరకపోతే ఆ డబ్బాలో మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. లెన్స్ రింగు తిప్పండి. లెన్స్ వెనక అంచు లోపలున్న బుల్లి చక్రాన్ని నెడుతుంది, రెండో బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండూ ఒకటైన చోట ఆగండి. ఫోకస్ అయిపోయింది. తలుపు అంచు, చొక్కా పట్టీ లాంటి నిలువు గీత దొరికితే ఇంకా తేలిక.

పాత లైకాల్లో ఫోకస్‌కు ఒక రంధ్రం, ఫ్రేమ్‌కు ఇంకో రంధ్రం ఉండేవి. కన్ను ఒకదాని నుంచి మరోదానికి మారేలోపు ఎదురుగా ఉన్న ముఖంలో నవ్వు పోయేది. రెండింటినీ కలపడం ఎం3తో మొదలవలేదు. జైస్ ఐకాన్ వాళ్ల కాంటాక్స్ 2 ఆ పని 1936లోనే చేసింది. ఎం3 దానికి వెలిగే ఫ్రేమ్ గీతలు జోడించింది, అంటే ఫొటోలో ఎంతవరకు పడుతుందో చూపే హద్దులు. 50 మిల్లీమీటర్ల లెన్స్ గీత ఎప్పుడూ ఉంటుంది. 90 లేదా 135 లెన్స్ బిగిస్తే దాని గీత దానంతటదే వచ్చి చేరుతుంది. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేస్తే గీతలు కూడా కాస్త జరిగి, ఫ్రేమ్ పక్కకు పోకుండా చూసుకుంటాయి.

[వేలితో మధ్య కిటికీ మూయాలి. వ్యూఫైండర్‌లో గీతలు మాయమవుతాయి.]

మధ్యలో ఉన్న ఈ మసక కిటికీ దేనికో ఇప్పుడు తెలిసింది కదా. గీతలకు వెలుగు ఇక్కడి నుంచే వస్తుంది.

గీతల బయట కూడా లోకం కనిపిస్తూనే ఉంటుంది. వీధిలో సైకిల్ మీద వస్తున్న మనిషి ఫ్రేమ్‌లోకి రాకముందే మీకు తెలిసిపోతుంది. వ్యూఫైండర్ బొమ్మ అసలు పరిమాణంలో 0.91 వంతు ఉంటుంది కాబట్టి రెండో కన్ను కూడా తెరిచే ఉంచుకోవచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

అంత పెద్ద బొమ్మకు ఒక మూల్యం ఉంది. ఇంకా ఎక్కువ వెడల్పు చూసే 35 మిల్లీమీటర్ల లెన్స్ గీతకు ఇందులో చోటు లేదు. అది కావాలంటే తర్వాత వచ్చిన ఎం2 చూడండి. ఇంకో జాగ్రత్త. మీరు చూసేది లెన్స్ గుండా కాదు. లెన్స్ మూత తీయకపోయినా వ్యూఫైండర్‌లో అంతా చక్కగా కనిపిస్తుంది. ఫిల్మ్ మీద మాత్రం ఏమీ పడదు.

వెలుగు ఎంతుందో కొలిచే లైట్ మీటర్ కూడా లేదు. మంచి ఎండలో లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16 దగ్గర పెట్టి, షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పే స్పీడును ఫిల్మ్ ఐఎస్ఓకు, అంటే డబ్బా మీద రాసిన ఫిల్మ్ వేగం అంకెకు, దగ్గరగా ఉంచండి. ఫిల్మ్ 200 అయితే సెకనులో 1/250 వంతు చాలు. ఫిల్మ్ ఎక్కించేది అడుగు పలక తీసి. మొదట్లో చేతులు తడబడతాయి, నాలుగైదు రోల్స్‌కు అలవాటవుతుంది.

[సంగీతం ఆపాలి. చేతులు, కెమెరా మాత్రమే.]

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇందులో పైకి లేచే అద్దం లేదు, గుడ్డతో చేసిన తెరలే పక్కకు జరుగుతాయి. ముందు 1/1000.

[క్లిక్.]

ఇప్పుడు ఒక సెకను. తెర తెరుచుకున్నాక లోపల పళ్లచక్రాలు గడియారంలా తిరుగుతూ సమయం లెక్కపెడతాయి. వినండి.

[క్లిక్. చక్రాల గరగర. క్లిక్.]