ఆఖరి మ్యాచ్ ఎన్నింటికి?

శ్రోతలందరికీ నమస్కారం.

కాలేజీ రోజుల్లో వీడియో గేమ్‌లు ఆడేవాళ్ల దగ్గర టైమ్ బోలెడు, డబ్బులే ఉండవు. ఉద్యోగంలో చేరాక లెక్క తిరగబడుతుంది. నచ్చిన గేమ్ నచ్చినప్పుడు కొనుక్కోవచ్చు, ఆడే తీరికే ఉండదు. డిస్కౌంట్ కనపడ్డప్పుడల్లా కొనేసి, ఒక్కసారి కూడా తెరవకుండా వదిలేసిన గేమ్‌ల జాబితా చాంతాడంత పెరుగుతుంది. ఈ మాటకు మీరు నవ్వుకుంటున్నారంటే మీదీ మా బ్యాచే.

ఇలాంటివాళ్లకు ఎక్కడికెళ్లినా ఒకటే సలహా. "ఉద్యోగం వచ్చింది కదా, ఇంకా ఈ ఆటలేంటి?" అని. ఆ సలహా చెప్పడానికి నేను ఇవాళ మైకు ముందుకు రాలేదు. రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చునేవాళ్లను ఎవరూ ఈ మాట అనరు, కంట్రోలర్ పట్టుకున్నవాళ్లనే అంటారు. ఎందుకో మరి. నా మటుకు నేను ఆడతాను, ఆడమనే చెబుతాను. మర్నాడు పొద్దున మీటింగులో కునికిపాట్లు పడకుండా ఎలా ఆడాలన్నదే ఇవాళ్టి విషయం.

చాలామంది రోజుకు ఒక గంట, రెండు గంటలు అని కోటా పెట్టుకుంటారు. వినడానికి బాగుంటుంది, వారం తిరిగేసరికి గాలికి పోతుంది. మన పట్టుదల తక్కువై కాదండీ. గంట కొట్టగానే ఆగేలా గేమ్‌లు తయారు కాలేదు, అంతే. ఇంకో సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా, ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్ అని ఒకటుంది. ఆ పేరు వినగానే ఇళ్లలో కంగారు పడిపోతారు. తీరా చూస్తే, ఇన్ని గంటలు దాటితే జబ్బు అని అందులో ఎక్కడా లేదు. ఆట తన చేతుల్లో లేకుండా పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆడుతూనే ఉండడం, అదీ మామూలుగా ఏడాది పాటు అలాగే సాగడం. డాక్టర్లు చూసేది వీటిని. గడియారం కంటే ముందు వాళ్లు చూసేది మనం ఆపగలమా లేదా అని. నేనూ ఇవాళ ఆపడం గురించే మాట్లాడతాను. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి అన్నవి పక్కన పెట్టి, ఒక్క ఆపడం గురించే.

ఆపడం ఎంత కష్టమో నాకు బాగా తెలియజెప్పిన గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ. ఆడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. నాకు ఇష్టమైన గేమ్, కాస్త ఓపిక పట్టండి.

2016 ఫిబ్రవరిలో వచ్చింది. తయారుచేసింది ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు. 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. కోడింగులో చెయ్యి తిరుగుతుందిలే అని ఈ గేమ్ మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి నాలుగేళ్లు దాటింది. ప్రోగ్రామింగ్, బొమ్మలు, సంగీతం, కథ, అన్నీ ఒక్కడే. మధ్యలో ఖర్చులకు ఒక థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్ టైమ్ పని.

తాతయ్య ఉత్తరం ఇచ్చే చిన్న సన్నివేశం అవగానే, ఆ గేమ్‌లో మనం ఎక్కడ తేలతామో తెలుసా? ఆఫీసులో! వరసగా డెస్కులు, డెస్కుకొక నీరసపు మనిషి. అందులో ఒకరు మనమే. సొరుగు లాగి, తాతయ్య ఎప్పుడో ఇచ్చిన ఉత్తరం విప్పుతాం. తన పొలం మనకు ఇస్తున్నానని రాసి ఉంటుంది. ఉద్యోగం వదిలేసి పల్లెకు బస్సెక్కుతాం. అసలు ఆఫీసు నుంచి అలసిపోయి ఇంటికొచ్చి, ఆఫీసు వదిలేసిన మనిషిగా ఓ గంట బతకడం. ఇంతకంటే హాయి ఏముంటుంది చెప్పండి.

వెళ్లేసరికి పొలమంతా రాళ్లు, మొద్దులు. ఊరి మేయర్ పదిహేను పార్స్‌నిప్ విత్తనాలు ఇస్తాడు. పార్స్‌నిప్ అంటే తెల్లగా ఉండే ఒక దుంప. నేల తవ్వి, నాటి, రోజూ నీళ్లు పోస్తే నాలుగు రోజులకు చేతికొస్తుంది. గేమ్‌లో రోజు పొద్దున 6 గంటలకు మొదలై అర్ధరాత్రి దాటాక 2 గంటలకు ముగుస్తుంది. మన గడియారంలో అదంతా సుమారు 14 నిమిషాలు. 2 గంటలకల్లా మంచం ఎక్కలేదా, మన మనిషి ఉన్నచోటే కుప్పకూలిపోతాడు. ఇంటి బయట పడిపోతే కొంత డబ్బు పోతుంది. మర్నాడు ఒంట్లో సగం సత్తువతో లేస్తాడు. వేళకు పడుకో నాయనా అని గేమే చెబుతోంది. తెర మీద మనిషిని పన్నెండు కొట్టకముందే పరుగెత్తించి మంచం ఎక్కిస్తూ, తెరకు ఇవతల తాము రెండింటి దాకా మేలుకునేవాళ్లను ఏమనాలి?

ఇక్కడ అసలు కిటుకు ఉంది. మన మనిషి పడుకోగానే ఆ రోజు ఆదాయం లెక్క వస్తుంది. పంటలకు ఇంత, చేపలకు ఇంత. ఆట కూడా అప్పుడే సేవ్ అవుతుంది. కంప్యూటర్లో గానీ కన్సోల్‌లో గానీ మామూలుగా సేవ్ అయ్యేది ఆ ఒక్కసారే. న్యాయంగా చూస్తే లేచి వెళ్లడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. కానీ లెక్క అలా చూపించి, ఇలా తెల్లవారిపోతుంది. కోడి కూస్తుంది. బయట డబ్బాలో ఉత్తరం వచ్చి ఉంటుంది. టీవీ పెడితే రేపు వాన పడుతుందో లేదో చెబుతుంది. మొన్న నాటినవి ఇంకొక్క రోజు ఆగితే కోతకు వస్తాయి. ఇంకొక్క రోజు. ఎంతసేపని, 14 నిమిషాలే కదా! ఆ రోజు అయ్యేసరికి పంట డబ్బు చేతిలో పడుతుంది, కొత్త విత్తనాలు కొనాలనిపిస్తుంది. కొన్నాక నాటాలి కదా. ఇంకొక్క రోజు. నాటాక మొలకెత్తాయో లేదో చూడాలి కదా. ఇంకొక్క రోజు.

ఆగాల్సిన చోటే మళ్లీ మొదలుపెట్టే ఆశ కూడా పెట్టారన్నమాట. ఇది కొత్త విద్యేం కాదు. 1991లో సివిలైజేషన్ అనే గేమ్ వచ్చినప్పటి నుంచి "ఇంకొక్క టర్న్", అంటే ఇంకొక్క వంతు, అంటూ తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

దీనికి నేను చేసేది చిన్న పని. కోడి కూసిన వెంటనే ఆపేస్తాను. టీవీ పెట్టకముందే, తలుపు తీయకముందే. అప్పటికి సేవ్ అయిపోయింది కాబట్టి పోయేదేమీ లేదు. గడప దాటి పొలంలో అడుగుపెట్టామా, ఆ రోజంతా ఆడాల్సిందే. మధ్యలో వదిలేస్తే ఆ రోజు చేసిన పనంతా గల్లంతు. గడప లోపల ఆపడం సులువు, గడప దాటాక కష్టం. నా అనుభవంలో ఏ గేమ్‌కైనా ఇలాంటి గడప ఒకటి ఉంటుంది. అదెక్కడుందో కనిపెట్టడమే మన పని.

ఆన్‌లైన్ మ్యాచ్‌ల సంగతి ఇంకా గట్టిది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ తీసుకోండి. ఒక మ్యాచ్ అటూ ఇటూగా అరగంట, ముదిరితే 40 నిమిషాలు దాటుతుంది. మధ్యలో లేచిపోతే మన జట్టులో మిగతా నలుగురు బలి. మనకూ శిక్ష ఉంటుంది, తర్వాత మ్యాచ్‌లకు క్యూలో ఎక్కువసేపు కూర్చోబెడతారు. అంటే ఒకసారి మ్యాచ్ మొదలైందంటే అరగంట మన చేతుల్లో లేనట్టే.

మరి చాలామంది ఏం చేస్తారు? పదకొండున్నరకు అలారం పెట్టుకుంటారు. అది మోగేసరికి మ్యాచ్ మంచి పట్టు మీద ఉంటుంది. ఎడమ చేత్తో అలారం నొక్కేస్తారు, కుడి చెయ్యి మౌస్ మీదే ఉంటుంది. ఆ అలారం ఎందుకూ కొరగాదు. ఊరెళ్లేటప్పుడు ఆఖరి బస్సు ఎన్నింటికి చేరుతుందని కాదు కదా, ఎన్నింటికి బయల్దేరుతుందని అడుగుతాం. మ్యాచ్‌కూ అంతే. అలారం పెట్టాల్సింది ఆఖరి మ్యాచ్ మొదలుపెట్టే టైముకు.

ఒకసారి లెక్క వేద్దాం, నాతోపాటు వేయండి. పొద్దున 7 గంటలకు లేవాలి. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. అంటే 12కు కళ్లు మూతపడాలి. మ్యాచ్ అవగానే ఎవరికీ నిద్ర రాదు, ఆ వేడి దిగడానికి ఓ అరగంట. అంటే పదకొండున్నరకు ఆట ఆగాలి. మ్యాచ్ 40 నిమిషాలు. దానికి ముందు క్యూలో నిలబడడం, పాత్రలు ఎంచుకోవడం, ఇంకో పది నిమిషాలు. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే 10:40. ఇదీ మీ ఆఖరి బస్సు. 10:40 తర్వాత కొత్త మ్యాచ్ నొక్కకూడదు. 10:39కి నొక్కారా, నిశ్చింతగా పూర్తిచేయండి, మీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీరు లేచే వేళను బట్టి, మీ గేమ్‌ను బట్టి ఈ అంకె మారుతుంది. అంకె ఏదైనా సరే, ఒకటి ఉండాలి.

దీనికి అడ్డం పడేది ఒకటుంది. ఓటమి. "ఒక్కటి గెలిచి పడుకుందాం" అనే మాట ఎంతమంది నిద్ర తినేసిందో! ఓడిపోయిన చిరాకులో ఇంకోటి ఆడతాం, చిరాకులో ఆడాం కాబట్టి అదీ ఓడతాం, ఇప్పుడు రెండు ఓటముల చిరాకు. అలసిపోయిన చేతులతో ర్యాంకు పెరిగినవాణ్ణి నేను చూడలేదు. ఓడిన మ్యాచ్ మీద ఆట ముగించి పడుకోవడం కూడా ఒక నేర్పే. అలవాటయ్యేదాకా ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత పెద్దగా అనిపించదు.

ఇంట్లోవాళ్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ పిలుస్తుంది. "ఒక్క నిమిషం అమ్మా" అంటాం. ఆ ఒక్క నిమిషం పాతిక నిమిషాలవుతుంది. అమ్మకు కోపం గేమ్ మీద కాదు, ఆ ఒక్క నిమిషం మీద. "ఇది మధ్యలో ఆగదమ్మా, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది" అని నిజం చెప్పి, ఇరవైకి లేచి వెళ్లి చూడండి. నాలుగుసార్లు అలా లేచారంటే, ఐదోసారి అమ్మే అడుగుతుంది, "ఇంకెంతసేపురా నీ ఆట?" అని. గొంతులో కోపం ఉండదు.

మరి కాలేజీ స్నేహితులు? అప్పట్లో రాత్రి ఎప్పుడు లాగిన్ అయినా ఎవడో ఒకడు ఆన్‌లైన్‌లో ఉండేవాడు. ఇప్పుడు ఒకడిది నైట్ షిఫ్ట్, ఒకడికి పొద్దున్నే రైలు, ఒకడికి చంటిపాప. రోజూ ఎదురుచూస్తే రోజూ నిరాశే. వారంలో ఒక రాత్రి ఫలానా రోజు అని ఖాయం చేసుకుంటే అందరూ వస్తారు. వచ్చాక సగం సేపు ఆడరనుకోండి, మేనేజర్లను తిట్టుకుంటారు. అదీ కావలసిందే.

ఒక రకం గేమ్‌ల విషయంలో మాత్రం నేను కొంచెం కఠినంగా ఉంటాను. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఇవాళ్టి మిషన్ ఇవాళే, డబ్బు కట్టి బ్యాటిల్ పాస్ అనే బహుమతుల పథకం తీసుకుంటే దాన్ని ఆ సీజన్ ముగిసేలోపు పూర్తిచేయాలి. ఆఫీసులో ఒక డెడ్‌లైన్ చాలదా, ఇంటికొచ్చి ఇంకోటా? ఇలాంటివి ఒకేసారి రెండు మూడు పెట్టుకుంటే అది సరదా కాదు, రెండో ఉద్యోగం, అదీ జీతం మనమే ఇచ్చే ఉద్యోగం. ఉంటే ఒకటి ఉంచుకోండి, చాలు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి ఉంది. మన పాత్రను సత్రంలో పడుకోబెట్టి లాగౌట్ అయితే, మనం లేని రోజుల్లో అది విశ్రాంతి తీసుకుంటుంది. తిరిగి వచ్చాక శత్రువులను చంపితే వచ్చే అనుభవం పాయింట్లు కొంతకాలం రెట్టింపు. గేమ్ విడుదలకు ముందు, పరీక్షల దశలో ఎక్కువసేపు ఆడితే పాయింట్లు సగానికి తగ్గించేవారట. ఆడేవాళ్లు గొడవ పెట్టారు. అంకెలు దాదాపు అలాగే ఉంచి, తగ్గినదాన్ని మామూలు అన్నారు, ముందున్నదాన్ని విశ్రాంతి బోనస్ అన్నారు. అందరూ సంతోషించారు! పది రోజులు రాకపోయినా ఏమీ పోదు, పైగా కొంత కలిసొస్తుంది. ఉద్యోగం చేసేవాళ్లకు ఇలాంటి మర్యాద తెలిసిన గేమ్‌లు కావాలి.

ఇక పెద్ద కథల గేమ్‌లు. అవి సెలవు రోజులకు ఉంచుకోండి. వాటిలో ఇబ్బంది ఏంటంటే, రెండు వారాల తర్వాత తెరిస్తే ముందు అప్‌డేట్ డౌన్‌లోడ్ అంటుంది, దొరికిన గంటలో సగం దానికే పోతుంది. అందుకని ఇంటికి రాగానే మెషీన్ ఆన్ చేసి, అప్‌డేట్ పెట్టి, స్నానం, భోజనం కానిచ్చి రండి. అది అయ్యాక కూడా ఏ బటన్ దేనికో గుర్తుండదు, ఎక్కడికి వెళ్తూ ఆగామో గుర్తుండదు. ఆపే ముందు ఫోన్లో ఒక్క ముక్క రాసి పెట్టుకోండి. "తూర్పు ద్వారం తాళం ముసలాయన దగ్గర ఉంది, బాణాలు అయిపోయాయి, కొనాలి." అంత చాలు. ఈసారి కూర్చున్నప్పుడు నేరుగా బాణాల దుకాణానికి వెళ్లొచ్చు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఉంటాను, నమస్కారం.