పబ్లిక్ హెల్త్ డిగ్రీ: ఖర్చెంత, జీతమెంత?

(అమెరికాలో ఒక తెలుగు సంఘం ఏర్పాటు చేసిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పోయిన దసరా పాట్‌లక్‌లో ఒక అక్క నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. "మా అమ్మాయి పబ్లిక్ హెల్త్ చదువుతానంటోంది. అంటే డాక్టరా?" కాదండీ అన్నాను. "పోనీ నర్సా?" అదీ కాదన్నాను. ఆవిడ మొహం చూశాక, ఈ విషయం నలుగురిలో ఒకసారి మాట్లాడితే మంచిదనిపించింది.

నేను కౌంటీ (మన జిల్లా లాంటిది) హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. రెస్టారెంట్లు తనిఖీ చేయడం నా పని. వేడిగా ఉంచాల్సిన పప్పు 135 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గకూడదు. చల్లగా ఉంచాల్సిన కొబ్బరి చట్నీ 41 దాటకూడదు. మన హోటళ్లకు వెళ్తే "మీరు మనవాళ్లే కదా అమ్మా" అంటారు. నేను మనదాన్నే, థర్మామీటరు ఎవరి మనిషీ కాదు. మా ఆఫీసులోనే ఇంకొందరు టీబీ వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి, కళ్లెదుట మాత్రలు మింగించి వస్తారు. ఈ చదువు చదివితే ఇలాంటి పనులుంటాయి.

ఇక జీతాలు. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2023 లెక్కల్లో కమ్యూనిటీ హెల్త్ వర్కర్ మీడియన్ జీతం ఏడాదికి 48,200 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే వస్తుంది. హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్టుకు 62,860. ఎపిడెమియాలజిస్టుకు, అంటే జబ్బులు జనంలో ఎలా పాకుతున్నాయో లెక్కలతో పరిశోధించేవాళ్లకు, 81,390. కాలేజీ బ్రోషర్‌లో మన కళ్లు పోయేది ఈ మూడో అంకె మీదికే. అయితే ఎపిడెమియాలజిస్టు ఉద్యోగానికి మామూలుగా మాస్టర్స్ ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీ ఖర్చు పక్కన ఆరేళ్ల చదువు జీతం పెట్టి చూసుకుంటే లెక్క ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఒక లెక్క చేద్దాం. డిపెండెంట్‌గా, అంటే తల్లిదండ్రుల మీద ఆధారపడి, ఉన్న విద్యార్థికి డిగ్రీ మొత్తానికి ఫెడరల్ డైరెక్ట్ లోన్ల (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పుల) పరిమితి 31,000 డాలర్లు. వడ్డీ ఆరున్నర శాతం అనుకుంటే, పదేళ్లపాటు నెలకు సుమారు 350 కట్టాలి. 48,200 జీతమంటే పన్నులు పోకముందు నెలకు నాలుగు వేల చిల్లర. కష్టమే, కానీ నెట్టుకురావచ్చు. అదే ఊళ్లో గొప్పగా చెప్పుకునే ప్రైవేట్ యూనివర్సిటీ కోసం అప్పులన్నీ కలిపి 1,20,000 చేశారనుకోండి. అదే వడ్డీకి నెలకు 1,360 దాటుతుంది. అద్దె, కారు ఇన్సూరెన్స్ కట్టాక ఆ పిల్ల తినేదేమిటి? కౌంటీ వాళ్ల జీతాల పట్టికలో మీ కాలేజీ పేరుకు వేరే గడి ఉండదు.

నేను రెండేళ్లు ఫీజు తక్కువుండే కమ్యూనిటీ కాలేజీలో, రెండేళ్లు స్టేట్ యూనివర్సిటీలో చదివాను. అప్పట్లో చుట్టాలకు చెప్పడానికి నామోషీగా ఉండేది. ఇప్పుడు అప్పు లేదు, నామోషీ కూడా పోయింది.

ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో ఫుల్‌టైమ్ పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు నిబంధనల ప్రకారం కడితే, మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ చేసే పథకం 2007 నుంచీ ఉంది. మా రంగంలో చాలామందికి అది అక్కరకొచ్చేదే. బ్యాంకుల దగ్గర తెచ్చిన ప్రైవేట్ లోన్లకు మాత్రం వర్తించదు. సంతకం పెట్టేముందు ఏ లోనో చూసుకోండి.

గవర్నమెంటు ఉద్యోగం కదా, టెన్షన్ ఉండదు అనుకునేవాళ్లూ ఉన్నారు. 2025 మార్చిలో ఫెడరల్ ఆరోగ్య శాఖ పదివేల మందిని తీసేస్తామని ప్రకటించింది. కౌంటీల్లోనూ చాలా పోస్టులు గ్రాంటుల మీద నడిచేవే. గ్రాంటు ఆగితే కుర్చీ ఖాళీ. అందుకే డిగ్రీతో పాటు చేతిలో ఇంకో పని ఉండాలంటాను. స్టాటిస్టిక్స్, డేటా ప్రోగ్రామింగ్ కోర్సులు రెండు మూడు ఎక్కువ తీసుకుంటే హాస్పిటళ్లు, ఇన్సూరెన్స్ కంపెనీల వైపు కూడా అప్లై చేసుకోవచ్చు. నా లాంటి ఉద్యోగం కావాలంటే సైన్స్ వదలకూడదు. కాలిఫోర్నియాలో ఈ ఉద్యోగానికి రిజిస్టర్ కావాలంటే బేసిక్ సైన్స్ కోర్సులు 30 యూనిట్లుండాలి. కెమిస్ట్రీ అంటే భయపడి తప్పించుకున్న పిల్లలు చివర్లో చూసుకుని లబోదిబోమంటారు.

ఇండియా నుంచి పిల్లల్ని పంపాలనుకునే బంధువులుంటే వాళ్లకూ ఒక మాట. చదువయ్యాక పని చేసుకోవడానికి స్టూడెంట్ వీసా మీద ఇచ్చే అనుమతి, ఓపీటీ అంటారు, ఏడాదే. ఇంకో రెండేళ్లు పొడిగింపు కావాలంటే ఆ కోర్సు ప్రభుత్వం పెట్టిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉండాలి. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఉన్నాయి, జనరల్ పబ్లిక్ హెల్త్ లేదు. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఉండే కోర్సు కోడ్ ఏమిటో ముందే అడగమనండి.

మరి ఆ అక్కకు ఏం చెప్పానంటారా? క్యాంపస్ టూర్‌కి వెళ్లేముందు, మీ కౌంటీ వెబ్‌సైట్‌లో ఉద్యోగ ప్రకటనలు ఒక పది మీ అమ్మాయితో కూర్చుని చదవండి అన్నాను. అర్హత ఏమడుగుతున్నారు, జీతం ఎంతిస్తున్నారు అన్నీ అందులోనే ఉంటాయి. వారం తర్వాత ఫోన్ చేశారు. పదింటిలో నాలుగింటికి మాస్టర్స్ కావాలట, రెండింటికి స్పానిష్ వస్తే మంచిదట. అమ్మాయి స్పానిష్ క్లాసులో చేరింది. కాలేజీ సంగతి ఇంకా తేలలేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. తర్వాత స్నాక్స్ దగ్గరే ఉంటాను. థర్మామీటరు కారులోనే వదిలేసి వచ్చాను, భయపడకండి.