మర్నాడు పొద్దున ఏం చేశారు?

శ్రోతలకు నమస్కారం.

కష్టాలకు తట్టుకుని నిలబడ్డ మనిషి గురించి నవల రాయాలంటే ఆ కథ ఎక్కడ దొరుకుతుంది? గెలిచినవాళ్ల దగ్గర అనుకుంటాం. ఓడిపోయి ఇంటికొచ్చినవాళ్ల దగ్గరే ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం.

1936లో అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్‌వే ఒక పత్రికకు చేపల వేట మీద వ్యాసం రాశారు. అందులో ఒక్క పేరాలో ఓ క్యూబా జాలరి సంగతి ఉంది. వయసు మళ్లినవాడు. చిన్న పడవలో ఒంటరిగా వెళ్తే గాలానికి పెద్ద మార్లిన్ చేప తగిలింది. రెండు పగళ్లు, రెండు రాత్రులు పడవను లాక్కుపోయింది. చివరికి దాన్ని చంపి పడవకు కట్టుకుంటే సొరచేపలు మీద పడ్డాయి. కర్రతో బాదాడు, తెడ్డుతో పొడిచాడు, ఒంట్లో సత్తువంతా అయిపోయింది. అవి సగానికి పైగా తినేశాయి. తోటి జాలర్లు కనిపెట్టేసరికి పడవలో పిచ్చివాడిలా ఏడుస్తున్నాడు.

ఆ పేరా నవలిక అయి అచ్చులోకి వచ్చింది 1952లో. పేరు 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'. ఇందులో ముసలాయన్ని ఎవరూ వచ్చి కాపాడరు. పడవను తనే ఒడ్డుకు చేర్చి, తెరచాప కొయ్య విప్పి భుజాన వేసుకుని గుడిసెకు బయల్దేరతాడు. దారిలో ఐదుసార్లు కూర్చుండిపోతాడు. ఆయన దగ్గర చేపల వేట నేర్చుకున్న కుర్రాడు తెల్లారి వచ్చి, నిద్రపోతున్న ఆయన చేతులు చూసి ఏడుస్తాడు.

కన్నీళ్లు ఒకరి నుంచి ఇంకొకరికి మారాయి చూడండి! వ్యాసంలో ఆ కుర్రాడే లేడు. ముసలాయన పడ్డ బాధ చూడటానికి ఒక మనిషి కావాలని రచయితకు తోచింది. నవలాకారుడి పనంతా నాకు అక్కడే కనిపిస్తుంది. పళ్లబిగువున ఒంటరిగా భరించడమే ధైర్యమని చెప్పే కథలు నా మనసుకు ఎక్కకపోవడానికి కారణం కూడా అదే.

రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్‌కు తన బతుకులోనే కథ దొరికింది. 1950-51 చలికాలంలో, శ్రమ శిబిరంలో తోటి ఖైదీతో కలిసి బరువు మోస్తుండగా, ఒక మామూలు ఖైదీ గడిపే ఒక్కరోజు రాస్తే చాలనిపించింది. 1962లో వెలువడిన ఆ నవలలో షుఖోవ్ అనే ఆ ఖైదీ తను పోతపోసుకున్న చెంచాను బూటులో దాచుకుంటాడు. ఎంత చలిలోనైనా టోపీ తీసే తింటాడు. అన్నీ లాగేసుకున్నా అతని మర్యాద అతని దగ్గరే ఉంది.

కాబట్టి రాయాలనుకునేవాళ్లు, కష్టం గడిచినవాళ్లను "ఎలా తట్టుకున్నారు?" అని అడగకండి. "ఏం చేస్తాం, గడిచిపోయింది" అంటారు. "ఆ మర్నాడు పొద్దున లేచి మొదట ఏం చేశారు?" అని అడగండి. పొయ్యి వెలిగించారా, ఎవరికైనా కబురు పెట్టారా, తలుపే తీయలేదా? అది చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకుండా వినండి. వాళ్లు వద్దంటే మాత్రం రాయకండి.

సెలవు.