మధ్యలో ఒక రాత్రి: గది ముందా, బండి ముందా?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: గవర్నర్‌పేటలో విమాన టికెట్ల ఏజెన్సీ నడిపే ఏజెంటు, గన్నవరం ఎయిర్‌పోర్టుకు సొంత కారు తిప్పే డ్రైవరు, బస్టాండు దగ్గరి ఒక హోటల్ మేనేజరు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొస్తుండే రిటైర్డ్ టీచరు.)

యాంకర్: నమస్కారం. గన్నవరానికి అంతర్జాతీయ విమానాశ్రయం హోదా 2017లోనే వచ్చింది. అయినా మనవాళ్లు విదేశం వెళ్లాలంటే ఎక్కువగా మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. శంషాబాదో, ఢిల్లీయో, దుబాయో. ఆగేది మూడు గంటలైతే కుర్చీలోనే గడిచిపోతుంది. పది, పద్దెనిమిది గంటలైతే? హోటల్ తీసుకోవాలా, తీసుకుంటే ఎక్కడ, తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకు చేరేదెలా? ఏజెంటు గారూ, మీ దగ్గరికొచ్చేవాళ్లు ముందు ఏం అడుగుతారు?

ఏజెంటు: "రేటు తక్కువలో మంచి హోటల్ చూడండి" అంటారండీ. నేను తిరిగి అడిగేది ఒకటే, మర్నాడు విమానం ఎన్నింటికి అని. దిగే టైము అందరికీ నోటికొచ్చు. ఎక్కే టైము అడిగితే ఫోన్ తీసి వెతుక్కుంటారు. గది ఎక్కడ తీసుకోవాలో తేల్చేది ఆ ఎక్కే టైమే. మధ్యాహ్నం విమానమైతే హాయిగా ఊళ్లో ఉండొచ్చు. తెల్లవారుజాము నాలుగున్నరకి విదేశీ విమానమైతే ఒంటిగంటన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఆ టైములో అక్కడ ఏ బండి దొరుకుతుందో తెలుసుకున్నాకే గది మాట.

మేనేజరు: అసలు అలాంటప్పుడు గదే వద్దంటాను నేను.

యాంకర్: హోటల్ మేనేజరే గది వద్దంటే ఎలాగండీ!

మేనేజరు: లెక్క చూడండి. రాత్రి తొమ్మిదికి దిగారు. లగేజీ బెల్టు దగ్గర నిలబడి, క్యాబ్ పట్టుకునేసరికి పది. హోటల్‌కొచ్చి, ఆధార్ ఇచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఏసీ పనిచేస్తుందో లేదో చూసుకుని మంచమెక్కేసరికి పదకొండు. పన్నెండున్నరకి అలారం. ఎక్కడ మోగదోనన్న టెన్షన్‌తో ఆ గంటన్నర కూడా నిద్ర పట్టదు. దానికి ఒక రోజు అద్దె దండగ. చేతిలో కనీసం ఏడెనిమిది గంటలు మిగిలితేనే గది తీసుకోవాలి. అదీ విమానాల మధ్య గ్యాప్ కాదండోయ్. దిగి బయటపడటానికి పట్టే టైము, మళ్లీ ముందుగా వెళ్లే టైము, దారి టైము తీసేశాక మిగిలేది.

యాంకర్: గంటల లెక్క అన్నారు కాబట్టి అడుగుతున్నా. చెకౌట్ టైము విషయంలో చాలామంది గొడవపడుతుంటారు.

మేనేజరు: మన దగ్గర రెండు పద్ధతులున్నాయి. బస్టాండు, రైల్వే స్టేషన్, గాంధీనగర్ చుట్టుపక్కల పాత లాడ్జీల్లో చాలావరకు 24 గంటల చెకౌట్. ఎప్పుడు దిగితే అక్కణ్నుంచి లెక్క. పెద్ద హోటళ్లలో పగలు పన్నెండుకో, రెండింటికో ఇస్తారు, మర్నాడు పదకొండు, పన్నెండుకి ఖాళీ చేయాలి. రాత్రి వచ్చి పొద్దున్నే వెళ్లేవాళ్లకు ఏదైనా ఒకటే. తేడా వచ్చేది పొద్దున్న ఆరింటికి దిగి రాత్రి విమానం ఎక్కేవాళ్లకి. పెద్ద హోటల్‌లో ఆరింటికే గది కావాలంటే ముందు రాత్రి అద్దె కూడా కట్టమనొచ్చు. సాయంత్రం దాకా ఉంటే రెండో రోజు పడుతుంది. స్నానం చేసి నాలుగు గంటలు నడుం వాల్చడానికి రెండు రోజుల బిల్లు! అలాంటివాళ్లకు 24 గంటల చెకౌట్ ఉన్న చోటే లాభం. లేదా పగటిపూట కొన్ని గంటలకే ఇచ్చే గదులు అడగండి, కొన్ని హోటళ్లు ఇస్తున్నాయి. పన్ను సంగతి కూడా కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతమే.

టీచరు: స్టేషన్‌లో విశ్రాంతి గదులు ఉంటాయిగా?

మేనేజరు: అవి రైలు టికెట్ ఉన్నవాళ్లకండీ టీచర్ గారూ. విమానం దిగి రైలెక్కేవాళ్లయితే పీఎన్‌ఆర్‌తో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

యాంకర్: ఇప్పుడు బండి సంగతి. డ్రైవర్ గారూ, విజయవాడలో రాత్రి ఆగి తెల్లారి గన్నవరంలో విమానం ఎక్కేవాళ్లు ఎక్కడుంటే మంచిది?

డ్రైవరు: సిటీలో పనేం లేకపోతే ఎనికేపాడు, నిడమానూరు వైపు హైవే మీదే ఉండమంటానండీ. బస్టాండు నుంచి ఎయిర్‌పోర్టు ఇరవై కిలోమీటర్లే. తెల్లారగట్ట అరగంటలో దింపేస్తా. అదే సాయంత్రం ఆరింటికైతే రామవరప్పాడు రింగు దాటడానికే ఎంత పడుతుందో చెప్పలేను. బెంజిసర్కిల్‌కి ఫ్లైఓవర్ వచ్చాక అక్కడ నయం. ఒక్క విషయం ఎవరూ చూసుకోరండీ, హోటల్ రోడ్డుకి ఏ పక్కన ఉందో. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వచ్చేటప్పుడు ఎడం చేతివైపు హోటల్ ఉందనుకోండి, దిగడానికి సుఖంగానే ఉంటుంది. పొద్దున్న వెళ్లేటప్పుడు మాత్రం ముందు ఊరివైపే వెళ్లి, యూటర్న్ దొరికాక వెనక్కి రావాలి. మ్యాప్‌లో మూడు కిలోమీటర్లని కనిపించేది ఆరేడు అవుతుంది.

ఏజెంటు: బుకింగ్ యాప్‌లలో "ఎయిర్‌పోర్టుకు ఇన్ని కిలోమీటర్లు" అని రాసేది కూడా చాలాసార్లు స్కేలు పెట్టి గీత గీసినట్టు కొలిచిందే. రోడ్డు దారి విడిగా చూసుకోవాలి.

యాంకర్: యాప్‌లో క్యాబ్ ముందురోజే బుక్ చేసి పెట్టుకుంటే సరిపోదా?

డ్రైవరు: ముందురోజు బుక్ చేసినంత మాత్రాన అప్పుడే ఒక బండి మీ పేరున పక్కన పెట్టరండీ. చాలా యాప్‌లు మీ టైము దగ్గరపడ్డాకే డ్రైవర్‌ని వెతకడం మొదలుపెడతాయి. తెల్లారి నాలుగింటికి ఊళ్లో ఉన్న బండ్లే తక్కువ. ఉన్నవాడు కూడా ఆలోచిస్తాడు. గన్నవరంలో దింపితే ఆ టైముకి దిగే విమానం ఉండదు, ఖాళీగా వెనక్కి రావాలి. అందుకే క్యాన్సిల్ చేసేస్తాడు. తప్పు వాడిదీ కాదు, మీదీ కాదు. ముందు రాత్రే హోటల్‌వాళ్ల చేత తెలిసిన డ్రైవర్‌కి చెప్పించండి, నంబర్ తీసుకుని పడుకునే ముందు ఒకసారి ఫోన్ చేయండి. గుంటూరువాళ్లయితే ఇంకా జాగ్రత్త. ఊళ్లోంచి వస్తే మంగళగిరి, కృష్ణ మీది వారధి, బెంజిసర్కిల్ అన్నీ దాటి రావాలి. పగలైతే గంటన్నరకి తక్కువ పెట్టుకోవద్దు.

యాంకర్: శంషాబాద్ సంగతి చెప్పండి. మన దగ్గర్నుంచి ఎక్కువమంది అక్కడే ఎక్కుతారు.

ఏజెంటు: అక్కడ మనవాళ్లు చేసే పని ఏంటంటే, అమీర్‌పేటలోనో, లక్డీకాపూల్‌లోనో గది తీసుకుంటారు. చుట్టాలుంటారని, తెలిసిన ఏరియా అని. విజయవాడ నుంచి వెళ్లేది 65వ నంబరు జాతీయ రహదారి మీద. ఊళ్లోకి పోకముందే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే, సొంత కారైనా మాట్లాడుకున్న కారైనా ముప్పావుగంటలో శంషాబాద్. అది వదిలేసి ఊరంతా దాటి అమీర్‌పేట వెళ్లి, మళ్లీ రాత్రికి ఊరు దాటి ఎయిర్‌పోర్టుకు వస్తారు. మెట్రో ఇంకా శంషాబాద్ దాకా రాలేదు కూడా.

టీచరు: బస్సులో వెళ్లేవాళ్లో?

ఏజెంటు: పెద్ద అంబర్‌పేటలో దిగడం అందరికీ చెప్పనండీ. నడిరాత్రి ఔటర్ పక్కన రెండు పెట్టెలేసుకుని క్యాబ్ కోసం నిలబడాలంటే పెద్దవాళ్లకు కష్టం. ఎల్బీ నగర్‌లో దిగండి, అక్కడ జనం ఉంటారు, బండ్లుంటాయి. ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సులూ ఆ వైపు నుంచి ఉన్నాయి, టైములు ముందే చూసుకుంటే చాలు. పొద్దున్న విమానమైతే గది శంషాబాద్ వైపే. తెల్లవారుజాము విమానమైతే గది లేదు, మధ్యాహ్నం భోంచేసి విజయవాడలో బయల్దేరడమే. సంక్రాంతి వెళ్లిన మర్నాడో, ఆ తర్వాతి ఆదివారమో అయితే మాత్రం నా లెక్కలేవీ పనిచేయవు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి లాంటి టోల్‌గేట్లన్నీ దాటాలి కదా. ఆ రోజుల్లో ముందురోజే వెళ్లిపోండి.

యాంకర్: ఢిల్లీ?

ఏజెంటు: ఢిల్లీలో టెర్మినల్ చూసుకోవాలి, అంతే. ఒకటో టెర్మినల్ వేరేచోట, మూడో టెర్మినల్ వేరేచోట. విదేశీ విమానాలు మూడులో. మూడో టెర్మినల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ ఏరోసిటీ, అక్కడ ఖరీదైన హోటళ్లు. పక్కనే మహిపాల్‌పూర్‌లో రేట్లు తక్కువ. మెట్రో రాత్రంతా నడవదు.

యాంకర్: టీచర్ గారూ, మీరు దుబాయ్ మీదుగా వెళ్తుంటారు కదా. అక్కడ బయటికి వెళ్లడం ఎలా?

టీచరు: వీసా తేలనిదే హోటల్ వెతకడం అనవసరం బాబూ. మన పాస్‌పోర్టుతో ఊరికే బయటికి వెళ్లనివ్వరు. అమెరికా వీసానో, గ్రీన్‌కార్డో చెల్లుబాటులో ఉంటే, షరతుల ప్రకారం 14 రోజుల వీసా అక్కడ దిగాక ఇస్తారు. లేనివాళ్లకు ట్రాన్సిట్ వీసాలున్నాయి, 48 గంటలది, 96 గంటలది. అవి అక్కడి ఎయిర్‌లైన్ ద్వారా ముందే పెట్టుకోవాలి. ఎమిరేట్స్‌లో దుబాయ్ కనెక్ట్ అని ఒకటుంది, వాళ్ల రూల్స్‌కి సరిపోయే టికెట్ అయితే హోటలూ బండీ వాళ్లే ఇస్తారు. కానీ మనం అడగాలి, అదీ ప్రయాణానికి ముందే.

యాంకర్: సొంతంగా తీసుకుంటే?

టీచరు: దేరా వైపు తీసుకుంటే సుఖం. ఒకటి, మూడు టెర్మినళ్లలోనే మెట్రో స్టేషన్లున్నాయి. రెడ్ లైన్ ఎక్కితే కాసేపట్లో అల్ రిగ్గా. అక్కడ దిగితే చుట్టూ హోటళ్లే. రెండో టెర్మినల్‌లో మెట్రో లేదు, ట్యాక్సీయే. మెట్రో కూడా మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాటాక ఉండదు, ఆదివారం పొద్దున్న ఆలస్యంగా మొదలవుతుంది. రెండింటికి బయల్దేరాలంటే ఎటూ ట్యాక్సీయే కాబట్టి, స్టేషన్ పక్కనే ఉందని ఎక్కువ అద్దె కట్టకండి. ఇంకోటి, గదికి రోజుకింతని టూరిజం దిర్హమ్ అనే రుసుము హోటల్ దగ్గర విడిగా తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో అంతా కట్టేశాం కదా అని కౌంటర్‌లో గొడవకు దిగుతారు మనవాళ్లు.

మేనేజరు: హోటల్ షటిల్ బస్సు ఉంటుందంటారుగా?

టీచరు: ఉంటుంది. "షటిల్ ఉందా" అని అడిగితే ఉందనే చెప్తారు. రాత్రి రెండింటికి ఉందా, ఏ టెర్మినల్‌కి, ఎంతసేపటికొకటి అని అడగండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. చేతి సంచీ కూడా ఆలోచించి సర్దుకోవాలి. ఒకే టికెట్ మీద పెద్ద పెట్టెలు నేరుగా చివరి ఊరికి వేసేస్తే మధ్యలో మన చేతికి రావు. బీపీ మాత్రలు, ఒక జత బట్టలు, పలుచటి టవల్ నాతోనే ఉంటాయి. వాళ్ల ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులు, మన గుండ్రటి పిన్ను ఛార్జర్లు పట్టవు. అడాప్టర్ పెద్ద పెట్టెలో పెట్టేస్తే ఫోన్ చచ్చిపోయి, క్యాబ్ కూడా బుక్ చేసుకోలేం.

ఏజెంటు: షార్జాలో దిగి దుబాయ్‌లో ఎక్కే టికెట్లు కూడా కొంటున్నారండీ, చవకని. అవి రెండు వేర్వేరు ఎయిర్‌పోర్టులు, రెండు వేర్వేరు టికెట్లు. వీసా కావాలి, సామాను తీసుకోవాలి, ఆ రెండు ఊళ్ల మధ్య సాయంత్రం ట్రాఫిక్ పేరుమోసింది. మొదటి విమానం లేటైతే రెండోవాళ్లకు సంబంధం ఉండదు. అలాంటి టికెట్ కొన్నవాళ్లు మాత్రం గదికి వెనకాడకండి. ఆ రాత్రి దుబాయ్ వైపు పడుకుని పొద్దున్న ఎక్కండి.

యాంకర్: గుంటూరు నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. మా అల్లుడు అమెరికా నుంచి హైదరాబాద్‌లో దిగి గన్నవరం విమానం ఎక్కుతాడు. సామాను గన్నవరంలోనే ఇస్తారా?

ఏజెంటు: లేదమ్మా. మన దేశంలో మొదట దిగినచోటే, అంటే హైదరాబాద్‌లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి. దేశీయ విమానానికి కౌంటర్ గంట ముందే మూసేస్తారు. మధ్యలో మూడు గంటలైనా ఉండేట్టు చూడమనండి.

కాలర్: అలాగే. దసరాలో వస్తున్నాడండీ. విజయవాడలో ఒక్కరోజు ఆగి, అమ్మవారి దర్శనం చేసుకుని, రాత్రికి గుంటూరు రావాలని. కొండ దగ్గర గది దొరుకుతుందా?

మేనేజరు: ఇప్పుడే చేయించండమ్మా. నవరాత్రుల్లో వన్‌టౌన్‌లో, బస్టాండు దగ్గర గదులు చాలా ముందే అయిపోతాయి.

డ్రైవరు: ఏ రోజమ్మా దిగేది?

కాలర్: మూలా నక్షత్రం రోజని మా అమ్మాయి చెప్పింది.

డ్రైవరు: అమ్మో! ఆ రోజు మార్చుకోమనండి. సరస్వతీదేవి అలంకారం, జనం విరగబడతారు. కొండ చుట్టుపక్కలికి కార్లు రానివ్వరు. గది దొరికినా పెట్టెలు మోసుకుని నడవాలి.

కాలర్: టికెట్ కొనేశాడండీ.

డ్రైవరు: అయితే ఆ రాత్రికి నిడమానూరు దగ్గర పడుకోమనండి, లేదా నేరుగా గుంటూరు వచ్చేయమనండి. దర్శనం తిరిగి వెళ్లేటప్పుడు చేసుకోవచ్చు. తిరుగు విమానం ఎప్పుడో కనుక్కుని చెప్పండి.