మొలలకు తాగే మందులు, మింగే మందులు: ఐదు రకాలు వాడి చూశాను

అందరికీ నమస్కారం. రోజూ బ్లౌజ్ కటింగ్ చూపించే ఛానెల్లో ఈ రోజు మొలల గురించి మాట్లాడుతున్నాను. పైల్స్ అనండి, మూలశంక అనండి, మిషన్ మీద కూర్చుని పనిచేసే మాలాంటివాళ్ళలో చాలామందికి ఉంది, ఎవరూ పైకి చెప్పరు. నేనూ నాలుగు నెలలు నోరు మెదపలేదు, మా ఆయనకి కూడా చెప్పలేదు. మా అనంతపురం ఎండల్లో రేకుల షెడ్డు పొద్దున పదింటికే కాలిపోతుంటుంది, షాపులో బాత్రూమ్ లేదు కాబట్టి నీళ్ళు తాగాలంటేనే భయం, దానికి తోడు పెళ్ళిళ్ళ సీజన్. మోషన్ గట్టిపడింది, ముక్కడం మొదలైంది, ఒకరోజు ఎర్రగా రక్తం చూశాను.

సిగ్గుపడి నేను చేసిన మొదటి పని చెబుతాను, మీరు చేయొద్దు. తెలిసినావిడ చెప్పిందని ఒకచోట పొట్లం కట్టి ఇచ్చే పొడి కొన్నాను. పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ లేదు, తేదీ లేదు, "అంతా ఆకులేనమ్మా, ఏడు రోజుల్లో మొలలు రాలిపోతాయి" అన్నారు. మొదటి రాత్రి చెంచాడు తాగితే తెల్లారుజామున కడుపు మెలిపెట్టి నాలుగుసార్లు విరేచనాలు. మోషన్ అయితే ఫ్రీ అయింది కదా అని అలాగే పదిరోజులు తాగాను. ఆపిన మూడో రోజుకి ముందుకంటే గట్టిగా బిగుసుకుపోయింది. ఆ పొడి తీసుకెళ్ళి తెలిసిన ఆయుర్వేదం డాక్టరమ్మకి చూపిస్తే, వాసన చూసి ఇందులో సునాముఖి బాగా ఉన్నట్టుందమ్మా అంది. సునాముఖి అంటే నేలతంగేడు ఆకు, పేగుల్ని గట్టిగా కదిలించి మోషన్ తెప్పిస్తుంది, అవసరానికి రెండు మూడు రోజులు వాడే మందు, రోజూ తాగేది కాదు.

ఆమే నన్ను సర్జన్ దగ్గరికి పంపింది. లేడీ డాక్టరు, పరీక్ష రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండో గ్రేడు అన్నారు, అంటే ముక్కినప్పుడు బయటికొచ్చి దానంతటదే లోపలికి వెళ్ళిపోయేవి. మూడో గ్రేడు అయితే వేలితో తోసుకోవాలి, నాలుగోది తోసినా పోదు. ఈ రెండింటికీ ఏ ఆకూ పనిచేయదు, మూడోదానికి మొల మొదట్లో రబ్బరు బ్యాండు వేయడమో ఆపరేషనో, నాలుగోదానికి మామూలుగా ఆపరేషనే. ఇంకోటి, మోషన్ అయ్యేటప్పుడు బ్లేడుతో కోసినట్టు నొప్పి ఉంటే అది చాలాసార్లు మొలలు కాదు, ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక. లోపలి మొలలు మామూలుగా నొప్పి లేకుండానే రక్తం పోస్తాయి. ఇది తెలియక ఎంతమంది ఒకదానికి ఇంకోదాని మందు తాగుతున్నారో.

సరే, ఇప్పుడు మందులు. ఆ పొట్లం పొడిని ఒకటిగా లెక్కేస్తే రెండోది ఇది, ఇసబ్గోల్ పొట్టు. గుజరాత్ వైపు పండే గింజ మీది పొట్టు ఇది, పచారీ కొట్లో కూడా దొరుకుతుంది. దగ్గరికి తెచ్చి చూపిస్తాను చూడండి, రంపపు పొట్టు కంటే తేలిక, తెల్లగా, ఊదితే ఎగిరిపోతుంది. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాలు వేస్తున్నాను. ఇప్పుడు తిప్పితే నీళ్ళలాగే ఉంది. ఐదు నిమిషాలయ్యాక చూడండి, గ్లాసు వంచినా జారట్లేదు, సబ్జా గింజలు నానినట్టు జిగురు. కడుపులో జరిగేది కూడా ఇదే, నీళ్ళు పట్టుకుని మోషన్‌ని మెత్తగా చేస్తుంది. అందుకే కలిపిన వెంటనే తాగాలి, మీద ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. వేరే మాత్రలు వాడేవాళ్ళు రెండు గంటల తేడా పెట్టుకోండి. నాకు మొదటి వారం కడుపు ఉబ్బరం, అప్పుడు ఒక చెంచాకి తగ్గించి మెల్లగా పెంచాను. పన్నెండో రోజుకి రక్తం ఆగింది. నా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకున్నాను. ఇది నా ఒక్కదాని మాటే కాదు, 378 మంది మీద జరిగిన ఏడు పరిశోధనల్ని కలిపి చూస్తే ఇసబ్గోల్ లాంటి పీచు తీసుకున్నవాళ్ళలో రక్తం పోవడం దాదాపు సగం తగ్గింది.

త్రిఫల చూర్ణం మూడు వారాలు వాడాను. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు. మోషన్ సాఫీగానే అయింది, వగరు మాత్రం గొంతులో అలాగే ఉండిపోతుంది. ఇసబ్గోల్ కంటే గొప్పగా ఏమీ అనిపించలేదు.

అభయారిష్టం, ఇదిగో ఈ ముదురు గోధుమరంగు సీసా. కరక్కాయ ముఖ్యమైన సరుకు, బెల్లం వేసి పులియబెడతారు. మూత తీస్తే పులిసిన బెల్లం వాసన, అందులో సొంతంగా పుట్టిన ఆల్కహాల్ కొంత ఉంటుంది, లేబుల్ మీద రాస్తారు, చదవండి. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లలకి పాలిచ్చేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు. నాకు ఆకలి పెరిగింది, గ్యాస్ తగ్గింది, మొలల్లో ప్రత్యేకంగా తేడా చెప్పలేను.

ఐదోది డయోస్మిన్, హెస్పెరిడిన్ మాత్ర. నారింజ జాతి పండ్ల నుంచి వచ్చే పదార్థం, కాబట్టి దీన్నీ లెక్కలోకి తీసుకున్నాను. శ్రావణమాసం పనిలో మళ్ళీ వాచినప్పుడు డాక్టరు రాసిచ్చారు, మొదటి నాలుగు రోజులు రోజుకి ఆరు, తర్వాత మూడు రోజులు నాలుగు చొప్పున. మూడో రోజుకే వాపు, బరువు తగ్గి ప్రాణం లేచొచ్చింది. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు కూడా కూర్చున్నాను, దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. మొలల వాపు చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది కూడా. ఆ సమయంలో ఏ పొడి తాగినా ఆ పొడికే పేరొస్తుంది, పొట్లాలు అమ్మేవాళ్ళకి కలిసొచ్చేది అదే.

మొలల్ని రాల్చేసే మందు ఈ ఐదింటిలో ఏదీ లేదు. పనిచేసింది మోషన్ మెత్తబడటం. నేను డబ్బు పెట్టేది ఇసబ్గోల్ మీద. దాంతోపాటు షాపులో రెండు లీటర్ల బాటిల్ పెట్టుకున్నాను, పక్క హోటల్ వాళ్ళని అడిగి బాత్రూమ్ వాడుకుంటున్నాను, అడగడానికి ఒక్కరోజే సిగ్గనిపించింది. ఉగ్గాని తింటాను, మిరపకాయ బజ్జీ మాత్రం మానేశాను, తిన్న మరుసటి రోజు మంట భరించలేను. మధ్యాహ్నం సంగటి, ఆకుకూర పప్పు, మజ్జిగ.

ఇదంతా విని మొన్న మా వీధిలో ఒక అత్త నాకూ ఆ పొట్టు తెచ్చిపెట్టమ్మా అంది. వయసు అరవై దాటింది, రెండు నెలలుగా రక్తం, అది మోషన్‌లో కలిసి వస్తోందట, బరువు కూడా తగ్గింది. ఇవి మొలలే అనుకుని ఊరుకునే లక్షణాలు కావు, అందుకే నేను పొట్టు కొనివ్వలేదు. ఆ సాయంత్రమే ఆటోలో సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాను, కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయాలన్నారు. గురువారం చేస్తారు, తోడుగా నేనే వెళ్తున్నాను.